తోంగ్‌పాల్ హోటల్లో ఉగాది పచ్చడి

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని, జగదల్‌పూర్ నుంచి నగర్‌నార్ పోయే రోడ్డు మీద తాను పనిచేసే హోటలుకి తీసుకుపోయింది. హోటలు అనకూడదట, రెస్టారెంట్ అనాలట. స్టీలు ప్లాంటు లేచిన దగ్గర్నుంచి ఆ దారి పొడుగునా బండ్ల షోరూములు, బట్టల కొట్లు, మంచాలూ సోఫాలూ అద్దాల వెనక పెట్టి అమ్మే కొట్లు, కాఫీని నురగతో గాజు గ్లాసులో ఇచ్చే కొట్లు వానకి పుట్టగొడుగులు లేచినట్టు లేచాయి. నేను మొదటిసారి ఆ దారిన నడిచినప్పుడు అటూ ఇటూ వరి కోసిన మళ్ళే ఉండేవి, పొద్దు వాలితే నక్కలు కూసేవి. ఆ మాట చెబితే మనవరాలు నమ్మదు, నవ్వుతుంది.

లోపల చల్లగా, మసకగా, చెరువు నీళ్ళ అడుగున కూర్చున్నట్టు ఉంది. తన డ్యూటీ మొదలయ్యే ముందు నన్నొక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, నల్ల చొక్కా సర్దుకుని వెళ్ళిపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను. గోడ నిండా పచ్చటి ఆకులు, ముట్టుకుంటే ప్లాస్టిక్. వచ్చినవాళ్ళు తినే ముందు తిండికి ఫొటో తీస్తున్నారు. అద్దం అవతల ఎండలో, వీపున పెద్ద పెట్టెలు తగిలించుకున్న కుర్రవాళ్ళు పొట్లాల కోసం ఎదురుచూస్తున్నారు, వాళ్ళు లోపలికి రాకూడదట. లోపల పనిచేసే పిల్లలు కూర్చోకూడదట. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా గోడకి ఆనుకోకుండా, పెదాల మీద నవ్వు చెరగకుండా నిలబడి ఉండాలి. నేను మొహమాటం తెలిసిన మనిషిని కాను. కూర్చోవే అని గట్టిగానే అన్నాను. వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది.

ఇంతలో ఒక కుటుంబం, మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు, సగం తిన్న పళ్ళాలు అలాగే వదిలేసి లేచిపోయారు. ఆయన నడుస్తూనే ఫోన్లో ఏదో నొక్కాడు. మనవరాలు వాళ్ళ వెనకే తలుపు దాకా వెళ్ళి చేతులు జోడించి వచ్చింది. ఆ తర్వాత మేనేజరు కుర్రాడు తన ఫోను చూసుకుని మనవరాలిని పక్కకి పిలిచాడు. బల్ల తుడవడానికి నా వైపు వచ్చినప్పుడు ఏంది సంగతి అని అడిగాను.

“ఒక్క స్టారే ఇచ్చిండ్రు నాన్నమ్మా.”

“ఎందుకట?”

“రాయలే.”

“అడగపోయినవా మరి?”

“ఎవర్ని అడగాలె? ఫోన్ల పేరు గూడ సగమే ఉంటది,” అంటూ జగ్గు పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళింది, నవ్వు మళ్ళీ తగిలించుకుని.

నేను ఆ వదిలేసిన పళ్ళాల వైపే చూస్తూ ఉండిపోయాను. చుట్టూ ఉన్న చల్లదనం, పాట, వెలుగు ఒక్కొక్కటే వెనక్కి జరిగి, ముక్కుకి కట్టెల పొగ వాసన తగిలింది. సంతకి వచ్చిన జనం ఒకరి తర్వాత ఒకరు విస్తరి ముందు నుంచి లేచిపోయిన ఆ పొద్దు కళ్ళ ముందుకి వచ్చింది.

అప్పటికి నాకు ఇరవై దాటి ఉంటాయేమో, మా వయసు వాళ్ళకి పుట్టిన రోజులు ఎవరు రాసిపెట్టారు గనక. మాది కోంట దగ్గర గొల్లపల్లి. కట్టుకున్నవాడు ఇంకొకతెను తెచ్చి ఇంట్లో పెడితే, అదే గడపలో ఇద్దరం ఉండేది లేదని చెప్పి వచ్చేశాను. అన్న ఇంటికి పోతే వదిన అన్నం పెట్టేది, కానీ పెట్టేటప్పుడు గిన్నె చప్పుడు చేసేది. మీలో ఆడవాళ్ళకి ఆ చప్పుడు తెలిసే ఉంటుంది. అలాంటి రోజుల్లో, జగదల్‌పూర్ నుంచి సుక్మా పోయే రోడ్డు మీద తోంగ్‌పాల్‌లో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ హోటలు నడుపుతోందనీ, తెలుగూ, అక్కడి సంతల్లో మాట్లాడే హల్బీ రెండూ వచ్చిన మనిషి కావాలంటోందనీ బస్సు కండక్టరు చెబితే, బట్టల మూట పట్టుకుని ఆ బస్సే ఎక్కాను. ఆవిడ్ని నేను పిన్నమ్మ అనేదాన్ని. భర్త కిరందుల్ గనుల దగ్గర లారీ తోలేవాడు, జ్వరమొచ్చి పోయాడు. తిరిగి పుట్టింటికి వెళ్ళి ఒకరి పంచన పడి ఉండటం ఇష్టం లేక, తెలిసిన విద్య వంటే కాబట్టి, రోడ్డు పక్కన పాక వేసింది. ఇద్దరం ఒకే బాపతు మనుషులం, అందుకే కుదిరింది. ఆ పాక మాకు బతుకుతెరువు మాత్రమే కాదు, ఇల్లు కూడా. వెనక గదిలో రెండు మంచాలు, నడుమ బియ్యం బస్తా.

మామూలు రోజుల్లో లారీల వాళ్ళు, బస్సు దిగిన నాలుగు ప్రాణాలు, అప్పుడప్పుడు అడవి తనిఖీ గేటు, అదే జంగిల్ నాకా, గార్డు, అంతే. వాళ్ళతో పొయ్యి కింద నిప్పు ఆరకుండా ఉండేది గానీ పాక నిలబడేది కాదు. నిలబెట్టింది సంత. వారానికి ఒక రోజు, తెల్లారకముందే అడవి దారుల్లోంచి మంచు చీల్చుకుంటూ మనుషులు కావళ్ళతో, బుట్టలతో ఒకరి వెనక ఒకరు బారులుగా దిగేవాళ్ళు. దూరం నుంచి చూస్తే మనుషులు కనిపించేవాళ్ళు కాదు, బుట్టలే మంచు మీద తేలుతూ వస్తున్నట్టు ఉండేది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, తేనె అమ్ముకుని, ఉప్పు, పొగాకు, గాజులు, అద్దం, ఒక్కోసారి కొత్త గొడుగు కొనుక్కుని, ఆఖరికి మా పాకలోకి వచ్చేవాళ్ళు. ఇంట్లో అంబలి తాగే మనిషికి సంతనాడు హోటల్లో కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే వేడన్నం, పప్పు, పకోడీ తినడం ఎంత వైభోగమో ఇప్పుడు చెబితే అర్థం కాదు. కొందరు పకోడీ ఒక్కటే కొనుక్కుని ఎంతసేపో కొరికేవాళ్ళు. ఒక ముసలమ్మ ఉండేది, ఏటి అవతల ఊరు ఆవిడది. జిలేబి చేతిలో పట్టుకుని, దాని మెలికల్ని వేలితో తడుముతూ, దీన్లోకి పాకం ఏ దారిన పోతుందే అని ప్రతి సంతకీ అడిగేది. ప్రతి సంతకీ నేను వేరే జవాబు చెప్పేదాన్ని.

ఆ ముసలమ్మ, వాళ్ళ ఊరి ఆడవాళ్ళే మాకు విస్తళ్ళు కుట్టి తెచ్చేవాళ్ళు. సర్గి, అంటే సాల చెట్టు, ఆకుల్ని వెదురు పుల్లలతో కుట్టినవి. అన్నానికి విస్తరి, పప్పుకి దొప్ప. వేడన్నం పడగానే ఆ ఆకులోంచి లేచే వాసన ఉందే, ఇప్పటికీ నిద్రలో తగులుతుంది నాకు. అలా వాళ్ళ ఆకులోనే వాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళం, తిన్నాక ఆ ఆకు వాళ్ళ పశువే తినేది.

పిన్నమ్మ మంచిది, చెయ్యి పెద్దది, కానీ ఒక పట్టింపు ఉండేది. తను వండింది తప్ప ఎవరి చేతిదీ తినదు. నేను వండిందే ఆవిడ నోటికి వెళ్ళడానికి ఏడాది పట్టింది. ఆ ముసలమ్మ ఎన్నోసార్లు దుంపలు ఉడకబెట్టి తెచ్చి ఇచ్చేది, పిన్నమ్మ చేతులు జోడించి తీసుకుని, ఆమె వెళ్ళాక ఆవుకి పెట్టేది. ముసలమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసినా తెచ్చేది.

ఆ ఏడు ఉగాది సంతనాడే వచ్చింది. భర్త పోయాక పిన్నమ్మ పండగలు చేసుకోవడం మానేసింది, ఆ ఏడే ఎందుకో మనసు పుట్టింది. భద్రాచలం వైపు నుంచి వచ్చే బస్సు కండక్టరుతో నాకు చెప్పకుండానే పిందె మామిడికాయలు తెప్పించింది, వేపపువ్వు తనే దులిపింది, కొత్త బెల్లం, కొత్త చింతపండు కలిపి ఒక పెద్ద గుండిగ నిండా పచ్చడి చేసింది. పటం ముందు దీపం పెట్టి, దేవుడికి చూపించి, ఇవాళ మన హోటలుకి వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఒక దొప్ప పచ్చడి, ఆ తర్వాతే అన్నం అంది. డబ్బు మాట లేదు, ఊరికే పెడుతోంది. అది విని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పచ్చడి ఇంకా కలుపుతుండగానే నేను బిందెలు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళాను. సంతనాడు అక్కడ వరస పొడుగ్గా ఉంటుంది, పైగా మా ఇంట ఆ పచ్చడి చేసే వాడుక లేదు, దాంట్లో ఏం వేసిందో చూడలేదు.

నేను నీళ్ళతో తిరిగి వచ్చేసరికి పాక నిండా జనం, అందరి ముందూ దొప్పలు, అయినా చప్పుడు లేదు. సంతనాటి పాకలో చప్పుడు లేకపోవడం నేను అదే మొదలు చూడటం. ముసలమ్మ దొప్ప పెదాల దాకా ఎత్తి, నాలుకకి తగిలించుకుని, దింపి, వేలితో అందులోని పచ్చటి ముక్కని పైకి తీసి చూసింది. పక్కావిడకి చూపించింది. దొప్పని నేల మీద నెమ్మదిగా పెట్టి లేచింది. ఆమె వెనక ఆమె మనుషులు, వాళ్ళ వెనక ఆ పక్క ఊరి వాళ్ళు. అన్నం వడ్డించుకున్నవాళ్ళు కూడా విస్తరి అలాగే వదిలేసి బుట్టలు ఎత్తుకున్నారు.

పిన్నమ్మ గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఒక చుక్క చేతిలో వేసుకుని నాకింది.

“చేదెక్కువైందేమోనే. బెల్లం ఇంకో అచ్చు వెయ్యనా?”

నవ్వకండి, నిజంగానే వేసింది. బెల్లం వేసి కలుపుతూ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నేను బిందె దించి, గుండిగలోకి తొంగిచూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను.

“మామిడికాయ వేసినవా పిన్నమ్మా?”

“వెయ్యకుండా ఉగాది పచ్చడేంటే?”

“ఈళ్ళకింకా కొత్తలు గాలే.”

ఆ మాట మీకు కొత్తయితే చెబుతాను. మా వైపు ఏ కాయా, ఏ గింజా చెట్టున కాసిందని నోట్లో వేసుకోరు. ముందు ఊరి పూజారి మట్టితల్లికి పెట్టాలి, పెద్దలకి పెట్టాలి, అప్పుడు ఊరంతా కలిసి తినాలి. దాన్నే కొత్తలు అంటాం. మామిడికి ఒక రోజు, చిక్కుడుకి ఒక రోజు, కొత్త బియ్యానికి ఒక రోజు. ఆ రోజు ఏదో పంచాంగం చెప్పదు, పూజారి చెబుతాడు, ఊరికొక రోజు. అంతకు ముందు చిన్నపిల్ల పిందె కొరికినా తల్లి నోట్లో వేలు పెట్టి కక్కిస్తుంది. తింటే అడవికి కోపం వస్తుంది, గాలివాన పూత దులిపేస్తుంది, పశువుకి పులి తగులుతుంది. గోదావరి ఒడ్డున పెరిగిన పిన్నమ్మకి ఉగాదే మామిడికి కొత్త. ఇక్కడ ఆ ఉగాదే కొంప ముంచింది.

ఆ మాట అడవి దారుల్లో మా కంటే ముందు నడిచింది. నాలుకకి తగిలించుకున్నవాళ్ళందరికీ వాళ్ళ ఊళ్ళలో తప్పు పడిందట, ఒక్కొక్కరూ కోడీ ఇప్పసారా ఇచ్చుకుని శుద్ధి చేయించుకోవాల్సి వచ్చిందట. ముసలమ్మ తన గుడ్ల కోడినే ఇచ్చుకుందని ఉప్పు కొట్టాయన చెప్పాడు. తర్వాతి సంతకి మా పాక ముందు నుంచే బుట్టలు పోయాయి, ఒక్కటీ ఆగలేదు. ఎండాకాలం దుమ్ములోంచి తేలుతూ వచ్చి, దుమ్ములోకే తేలుతూ వెళ్ళాయి. గుండిగెడు అన్నం కుక్కలకి పెట్టాం. విస్తళ్ళు రావడం ఆగిపోయింది. లారీల వాళ్ళకి స్టీలు పళ్ళాల్లో పెట్టి, అవి కడగడానికి నీళ్ళు మోసి నా భుజం వాచింది. సంత అవతల చివర ఒకాయన కొత్తగా పొయ్యి రాజేశాడు, మా దగ్గర తినేవాళ్ళంతా అక్కడ కూర్చున్నారు. ఆ మర్నాడు పిన్నమ్మ ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆవిడకి గోదావరి అవతల ఒక చెల్లెలు ఉంది. నాకు అన్న ఇల్లు ఉంది, వదిన గిన్నె చప్పుడు ఉంది. ఆ పెట్టె మూత పడితే నేను పోవలసింది అక్కడికే.

అందుకే పోట్లాడాను. వాళ్ళ ఊరు పోదాం, పూజారిని కలుద్దాం అన్నాను. పిన్నమ్మ వినలేదు. “పండగ పూట దేవుడికి పెట్టింది పదిమందికి పంచాను. నేనేం విషం పెట్టానా? తప్పు ఒప్పుకోవడానికి నేను చేసిన తప్పేంటో చెప్పు ముందు,” అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ముసలమ్మ కోడిలోనూ న్యాయం ఉంది. నాకు ఇద్దరి భాషా వచ్చు కాబట్టి ఇద్దరి న్యాయమూ నా నెత్తినే పడింది. “తప్పు నీది గాదు, ఆళ్ళదీ గాదు. గానీ ఆకలి మనది,” అన్నాను. పిన్నమ్మ పెట్టె మూత తెరిచే ఉంచి, చీర మార్చుకుంది.

ఏరు దాటి, ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు తొక్కకుండా పక్కకి పక్కకి జరుగుతూ నడిచాం. ఆ పువ్వు వాసనకి తల తిరిగినట్టు, నడుస్తున్నామో తేలుతున్నామో తెలియనట్టు ఉంది. పూజారి తాత ఇంటి ముందు కూర్చుని చేపల బుట్ట అల్లుతున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ బుట్ట అల్లుకున్నాడు. అది కోపం కాదు, వాళ్ళ మర్యాద, వచ్చినవాళ్ళు చెప్పే దాకా ఆగుతారు. పిన్నమ్మ నిలబడే చెప్పింది, నేను హల్బీలో చెప్పాను. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, పెట్టే ముందు మీ దేవుడికి పెట్టారా అని. పెట్టానంది పిన్నమ్మ. ఆయన వెదురు బద్ద ఒకటి వంచాడు, బిగించాడు. ఆ తర్వాత హల్బీలో ఆయన అన్న మాటని నేను తెలుగు చేసి చెప్పాను.

“మీ దేవుడు తిన్నడు. మా మట్టితల్లి ఇంకా తినలే. అంతే గదా.”

పిన్నమ్మ ముఖంలో బిగువు సడలడం చూశాను. తప్పు అనే మాట ఆయన నోట రాలేదు. మా మామిడి కొత్తలకి మీరిద్దరూ రండి, ఏమీ తేవద్దు, వచ్చి తిని పోండి, ఆపైన చూద్దాం అన్నాడు. తిరిగి వచ్చే దారిలో పిన్నమ్మ ఏటి నడుమ ఆగిపోయింది. నీళ్ళలో నిలబడి, “తినాలంటాడేంటే,” అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ భయం ఎక్కడుందో.

కొత్తల రోజున మొగవాళ్ళు అడవిలో పూజ చేసుకుని వచ్చే దాకా ఆడవాళ్ళతో కలిసి చూరు కింద కూర్చున్నాం. అందరూ మమ్మల్ని చూస్తున్నారు, చూడనట్టు ఉన్నారు. పూజ అయ్యాక అన్నంలో కలిపి ఉడికించిన మామిడి ముక్కలు వరసగా దొప్పల్లో పెట్టుకుంటూ వచ్చారు. పిన్నమ్మ ముందు దొప్ప పెట్టింది ఆ ముసలమ్మే. పెట్టి అవతలికి పోలేదు, ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఊరు ఊరంతా నమలడం ఆపేసింది. పిన్నమ్మ దొప్ప వైపు చూసింది. వెయ్యి మందికి వడ్డించిన ఆ చెయ్యి ఒళ్ళోంచి పైకి లేవడానికి ఎంత బరువైందో, పక్కనే కూర్చున్న నాకు తెలుసు. ట్రంకుపెట్టె, చెల్లెలి ఇల్లు, వదిన గిన్నె, అన్నీ ఆ దొప్పలోనే ఉన్నాయి. చివరికి కళ్ళు మూసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు తెరిచి ఇంకో ముద్ద పెట్టుకుంది.

ముసలమ్మ మెడ సాగదీసి అడిగింది, “చేదుందా? ఉంటే చెప్పు, బెల్లం ఏస్త.”

మా పాకలో బెల్లం అచ్చు కథ ఆమె దాకా ఎలా చేరిందో దేవుడికే తెలియాలి, ఉప్పు కొట్టాయన నోటికి మూత లేదు మరి. నేను తెలుగులో చెప్పేలోపే అందరూ పడి పడి నవ్వారు. పిన్నమ్మకి అర్థం కాకపోయినా నవ్వింది, ఆ తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నేను అడగలేదు.

తర్వాతి సంతకి విస్తళ్ళ కట్ట గుమ్మంలో దిగింది. దాని వెనకే జనం. పిన్నమ్మ ముసలమ్మకి ఒక గుడ్ల కోడిని కొని ఇవ్వబోతే ఆమె కోప్పడింది, మా తప్పు మేం కట్టుకున్నం, నీకేంది అని. దానికి బదులు ఒక జిలేబి పెద్దది వేయించుకుంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ కొత్తలు అయ్యే దాకా మా పాకలో మామిడికాయ తొక్క కూడా కనపడేది కాదు. లారీల వాళ్ళు మామిడికాయ పప్పు అడిగి విసుక్కునేవాళ్ళు, పక్క ఊళ్ళలో దొరుకుతోంది, మీకేం రోగమని. పిన్నమ్మ గరిటె ఆడిస్తూ, ఇక్కడ ఇంకా ఎండాకాలం రాలేదు బాబూ, వచ్చాక రండి అనేది. ముసలమ్మ తెచ్చిన దుంపలు ఆవుకి పెట్టడం కూడా మానేసింది.

ఆ పాకలో చాలా ఏళ్ళు ఉన్నాను. అక్కడికి టీకి వచ్చే లారీ మేస్త్రీనే కట్టుకున్నాను, ఆయన నన్ను జగదల్‌పూర్ తెచ్చాడు. ఆ తర్వాత పిన్నమ్మ కళ్ళు కనపడక చెల్లెలి దగ్గరికి వెళ్ళింది, అక్కడే పోయింది, కబురు ఆలస్యంగా తెలిసింది. ఆవిడకి ఒక ఉత్తరం రాసుకోలేకపోయాను అప్పట్లో. అక్షరాలు నాకు కిరందుల్ నుంచి వచ్చిన మా కోడలు నేర్పింది, జుట్టు నెరిశాక. మొదట దుకాణాల బోర్డుల మీద హిందీ, తర్వాత తెలుగు. నేర్చుకుని ఏం చేస్తావని అడిగినవాళ్ళకి చెప్పేదేముంది, ఇదిగో, ఇలా రాసుకుంటున్నాను.

పాత రోజులన్నీ బంగారమని నేను అనను. పొగకి నా ఛాతీ పాడైంది. కాళ్ళు వాచినా కూర్చునే వీలు మాకూ ఉండేది కాదు. చాటు లేక ఆడవాళ్ళం చీకటి పడే దాకా ఆగేవాళ్ళం. నా మనవరాలికి వారానికి ఒక రోజు సెలవుంది, జీతం బ్యాంకులో పడుతుంది, తన స్కూటీ తను కొనుక్కుంది. సంతోషమే. ఊళ్ళో అందరి చేతుల్లోనూ డబ్బు ఆడుతోంది, ఆడనివ్వండి. ఒకప్పుడు సంతలో అద్దం ఒకటి కొనడానికి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు రెండు సంతలు ఆలోచించడం నేను చూశాను.

పోయినేడు సుక్మాలో ఒక పెళ్ళికి పోతూ తోంగ్‌పాల్‌లో బస్సు ఆగితే దిగాను. మా పాక ఉన్న చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను, రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. ఆ దగ్గర్లోనే ఒక దుకాణం, తోరణాల్లా వేలాడే చిప్స్ పొట్లాలు, ఫ్రిజ్ నిండా మామిడి రసం సీసాలు. పక్కన నా ఈడు మనిషి ఒకామె కూర్చుని ఉంటే హల్బీలో పలకరించాను. ఏటి అవతల ఊరే. ముసలమ్మకి వరసకి కోడలవుతుందట. విస్తళ్ళు కుడుతున్నారా అంటే, పండగలకే, కొట్లలో కాగితం ప్లేట్లు వచ్చాయి కదా అంది. కొత్తలు చేస్తున్నారా అని అడిగాను. చెయ్యకుండా ఎట్లా, పూజారి పెట్టే దాకా ఇప్పటికీ కాయ ముట్టం అంది. ఆమె మనవడు మాత్రం పట్నంలో పొట్లాలు మోసే పనిలో ఉన్నాడట, ఏడాది పొడుగునా ఆ సీసా తాగుతాడట. ఇదేందిరా అంటే, “సీసాల ఉన్నది లెక్కల రాదు అవ్వా అంటడు,” అని తనే నవ్వింది. నేనూ నవ్వాను. డ్రైవరు హారన్ కొడితే బస్సెక్కాను.

కిటికీ పక్కన కూర్చుంటే సర్గి చెట్లు వెనక్కి పోతున్నాయి, ఎండలో వాటి లేత ఆకులు రాగి రంగులో మెరుస్తున్నాయి. ఆనాడు మా మీద అలిగినవాళ్ళు ఎక్కడి వాళ్ళో, ఏ ఏరు దాటితే వాళ్ళ గడప వస్తుందో మాకు తెలుసు. వాళ్ళకి మేం కావాలి, మాకు వాళ్ళు కావాలి, అందుకే నడిచి పోయాం, అందుకే వాళ్ళు దొప్ప పెట్టారు. ఇప్పుడు ఊరు పెద్దదయింది. ఒకరు లేచిపోతే ఆ కుర్చీ చల్లారేలోపే ఇంకొకరు వచ్చి కూర్చుంటున్నారు. వ్యాపారానికి అది మంచిదే, కాదనను. కానీ మా పాకలో సంత సద్దుమణిగాక, పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పుతూ, “ఆ ఫలానా ఆవిడ ఇవాళ రాలేదేంటే, ఒంట్లో బాగాలేదో ఏమో,” అని పిన్నమ్మ ఎవరో ఒకరి గురించి అనకుండా ఉండేది కాదు. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని వెలుగుల కింద, రాని మనిషి గురించి అలా అడిగే నోరు నాకు ఎక్కడా వినపడటం లేదు.